రుజువు అడిగే హక్కు
(గుర్రం జాషువా స్మారక ఉపన్యాసం, క్రోసూరు)



జాషువా గారి పేరు మీద ఉపన్యాసం అంటే ఆయన పద్యం గురించో, ఆయన పడ్డ అవమానాల గురించో మాట్లాడటం మనకు అలవాటు. ఈరోజు ఆయన వేసిన ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని మాట్లాడతాను. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో కథానాయకుడికి గుడిలోకి ప్రవేశం లేదు. గుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలానికి ఉంది. అందుకే తన గోడు శివుడి చెవిన వేయమని దాన్ని బతిమాలుకుంటాడు. పూజారి లేని వేళ చూసి చెప్పమని జాగ్రత్త కూడా చెబుతాడు. ఇంతవరకూ బడిపిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ కబురులో ఒకచోట అతని గొంతు మారుతుంది. కర్మ పేరు చెప్పి తన నోరు కట్టేశారని, తన కూడు వేరేవాళ్లు తింటున్నారని చెప్పి, అసలు ఆ కర్మ అంటే ఏమిటో, దానికి తన మీద అంత కక్ష ఎందుకో ఈశ్వరుడి చేతనే రుజువు చేయించమంటాడు. అక్కడితో వేడుకోలు అయిపోయింది, విచారణ మొదలైంది. శిక్ష పడింది కానీ నేరం ఏమిటో ఎవరూ చెప్పలేదు, సాక్ష్యం చూపలేదు. కాబట్టి తీర్పు ఇచ్చినవాడే వచ్చి లెక్క చెప్పాలి అంటున్నాడు ఆ మనిషి.

దేవుణ్ణి ఇలా అడగవచ్చా? జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో, క్రైస్తవ ఇంట పుట్టారు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. బైబిల్ ఆయనకు కొత్తది కాదు. ఆ బైబిల్లో దేవుణ్ణి రుజువు అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు. అడిగినందుకు వాళ్లను బయటికి గెంటలేదు. పైగా వాళ్ల పేర్లు, వాళ్ల వాదనలు గ్రంథంలో భద్రంగా ఉన్నాయి. దేవుడు మోషే ద్వారా ధర్మశాస్త్రం ఎందుకు ఇచ్చాడన్న ప్రశ్నకు నేను నమ్మే జవాబు ఇక్కడే ఉంది. బలహీనుడు ఎదురుగా నిలబడి, ఇది న్యాయం కాదు అని చెప్పగలగడానికే ధర్మశాస్త్రం. మనుషులతోనే కాదు, అవసరమైతే దేవుడితో కూడా. ఈ మాట మన సంఘాల్లో తగినంతగా వినపడటం లేదన్నదే నా బాధ.

మన పల్నాడులో ధర్మశాస్త్రం ఏ రూపంలో అడుగుపెట్టిందో కాస్త చూద్దాం. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరారు. 1849లో గురజాల వెళ్లి పల్నాడులో పని మొదలుపెట్టారు. లూథరన్ మిషన్ అంటే లూథర్ 1529లో రాసిన చిన్న కాటకిజం వెంట వచ్చినట్టే. అది పది ఆజ్ఞలతో మొదలవుతుంది. చదువు అందని మాల మాదిగ వాడల్లో పిల్లలు పది ఆజ్ఞలను, వాటి అర్థాలను ప్రశ్న, జవాబుగా కంఠస్థం చేశారు. అప్పటికి గుంటూరు సీమ 1832-33 నాటి నందన కరువు దెబ్బ నుంచి ఇంకా పూర్తిగా తేరుకోలేదు. ఊరి కట్టుబాటు ఎవరు ఎక్కడ నడవాలో, ఏ బావిలో నీళ్లు తోడుకోవాలో, ఎవరి ముందు ఎలా నిలబడాలో చెప్పేది. ఆ మనుషులకు మరో కట్టుబాటు చేతికి వచ్చింది. అందులో దొంగతనం చేయకు అనే మాట కూలివాడికీ వర్తిస్తుంది, కరణానికీ వర్తిస్తుంది. హత్య చేయకు అనే మాటకు కులం అడ్డు రాదు. అది చిన్న సంగతి కాదు.

కానీ లూథరన్ బోధలో ధర్మశాస్త్రానికీ సువార్తకూ మధ్య ఒక గట్టి గీత ఉంది. ధర్మశాస్త్రం మన పాపాన్ని చూపిస్తుంది, సువార్త దాన్ని క్షమిస్తుంది. పౌలు గలతీయులకు రాసిన లేఖలో ధర్మశాస్త్రాన్ని క్రీస్తు దగ్గరికి తీసుకెళ్లే బాలశిక్షకుడిగా చూపించాడు. బుద్ధి వచ్చాక శిక్షకుడితో పని లేదు. 1577 నాటి లూథరన్ విశ్వాస ప్రకటన ఫార్ములా ఆఫ్ కంకార్డ్, విశ్వాసి నడవడికి కూడా ధర్మశాస్త్రం మార్గదర్శి అవుతుందని ఒప్పుకుంది. కానీ ఆదివారం ప్రసంగంలో ఎక్కువగా వినిపించేది మొదటి మాటే: నువ్వు పాపివి, అందుకే ఆజ్ఞలు. నేను ఈ బోధను తోసిపుచ్చడం లేదు. దాన్ని మాత్రమే చెప్పి ఊరుకోవడం వల్ల జరిగిన నష్టం గురించి మాట్లాడుతున్నాను. నిర్గమకాండంలో పది ఆజ్ఞలకు ముందు ఒక వాక్యం ఉంది. దేవుడు తనను తాను ఐగుప్తు దాస్యం నుంచి విడిపించినవాడిగా పరిచయం చేసుకుంటాడు. విడుదల ముందు, ఆజ్ఞలు తర్వాత. అంటే కృప ఎప్పుడో మొదలైంది. ఆజ్ఞలు వచ్చింది విడుదలైన కూలీలకు. వాళ్లు రేపు భూమి సంపాదించి, తమ కింద ఇంకొకరిని పెట్టుకుని, తామే ఫరోలు కాకుండా ఉండటానికి. పాపం గురించి చెప్పడానికి ముందే ధర్మశాస్త్రం బానిసత్వం గురించి చెప్పింది.

అందుకే దానిలో ఎక్కువ భాగం పొలం గురించి ఉంటుంది. లేవీయకాండం 19వ అధ్యాయం చదవండి. కోతప్పుడు చేను అంచుల దాకా కోయకూడదు, పరిగె ఏరుకోకూడదు, అది బీదలకూ పరదేశికీ వదలాలి. పరిగె అంటే ఏమిటో క్రోసూరులో ఎవరికీ చెప్పక్కర్లేదు. కోత అయ్యాక మిగిలిన కంకులు, రాలిన కాయలు ఏరుకునే ఆడవాళ్లను మనం చూశాం. గట్టు మీద నుంచి కేకలేసి తరిమిన ఆసాములను కూడా చూశాం. ధర్మశాస్త్రంలో ఆ పరిగె దయ కాదు, ఏరుకునేవాళ్ల హక్కు. పరదేశిగా వచ్చిన రూతు, బోయజు పొలంలో అడుగుపెట్టింది ఆ హక్కుతోనే. బోయజు మంచివాడు కాబట్టి ఇంకాస్త ఎక్కువ వదిలాడు. మంచివాడు కాకపోయినా వదలాల్సిందే, దాన్నే చట్టం అంటారు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం కూలి గురించి చెబుతుంది. కూలివాడి డబ్బు పొద్దు గుంకేలోపు ఇవ్వాలి, ఎందుకంటే అతను ప్రాణం దాని మీదే పెట్టుకుని ఉన్నాడు, ఇవ్వనందుకు అతను మొరపెడితే అది నీకు పాపం అవుతుంది. పత్తి తీసిన కూలి రెండు వారాలకు, మిరపకాయ కోసిన కూలి సరుకు గుంటూరు యార్డులో అమ్మాక ఇస్తామనే ఈ ప్రాంతంలో ఆ మాటకు ప్రసంగపీఠం మీద ఎంత బరువుండాలి! నిర్గమకాండం 22లో ఇంకొకటి ఉంది. బీదవాడి పైబట్ట తాకట్టు పెట్టుకుంటే పొద్దు గుంకక ముందే తిరిగి ఇవ్వాలి, అతను కప్పుకునేది అదొక్కటే కాబట్టి. చలికాలంలో అప్పు ఇచ్చినవాడు రాత్రిపూట ఆ ఇంటి తలుపు తట్టి దుప్పటి వెనక్కి ఇస్తున్న దృశ్యం ఊహించండి. అప్పు పుట్టకూడదని ఆ శాస్త్రం చెప్పలేదు, అప్పు మనిషిని నగ్నం చేయకూడదని చెప్పింది. బీద సోదరుడి దగ్గర వడ్డీ తీసుకోవద్దంది. మన దగ్గర నూటికి నెలకు రెండు రూపాయలు, మూడు రూపాయలు మామూలు వడ్డీ. అంటే ఏడాదికి 24, 36 శాతం. ఆ నోటు మీద సంతకం చేసినవాళ్లలోనూ, రాయించుకున్నవాళ్లలోనూ ఆదివారం కూడికకు వచ్చేవాళ్లు ఉన్నారు.

ఏడో ఏట అప్పు మాఫీ, 50వ ఏట సునాద సంవత్సరం, అమ్ముకున్న భూమి తిరిగి ఆ కుటుంబానికి. ఇది అమలయిందా అని పండితులు వాదిస్తూనే ఉన్నారు. అమలు కాలేదనే అనుకుందాం. అయినా, భూమి శాశ్వతంగా అమ్మకూడదు, అది దేవుడిది, మీరంతా ఆయన దగ్గర కౌలుకు ఉన్నవాళ్లలాంటి పరవాసులే అని ఒక శాస్త్రం చెప్పిందంటే దాని ఉద్దేశం స్పష్టమే. నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్లు 1967 నుంచి పారుతున్న జిల్లా మనది. నీళ్లు వచ్చిన చోట భూమి ధర పెరిగింది, కౌలూ పెరిగింది. పంట పోయినా కౌలు కట్టక తప్పని కౌలురైతుకు లేవీయకాండం 25 చదివి వినిపిస్తే, అది తన గురించే రాసినట్టు ఉందంటాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. అదే ధర్మశాస్త్రంలో రాళ్లతో కొట్టి చంపమనే శిక్షలు ఉన్నాయి. బానిసను కొట్టినప్పుడు వాడు ఒకటి రెండు రోజులు బతికితే యజమానికి శిక్ష లేదని, వాడు యజమాని సొమ్మేనని నిర్గమకాండం 21 చెబుతుంది. కనాను ఊళ్లను ఆడపిల్లలతో సహా నిర్మూలించమన్న చోట్లు ఉన్నాయి. వీటిని దాచిపెట్టి మాట్లాడితే నేను జాషువా పేరు ఎత్తడానికి తగను. కంటికి కన్ను అన్న సూత్రం పగను పెంచడానికి కాదు, పరిమితం చేయడానికి వచ్చిందని చెప్పవచ్చు. క్రీస్తు పూర్వం 1750 ప్రాంతపు హమ్మురాబి శాసనంలో పెద్దింటివాడి కన్ను పోతే కన్ను తీస్తారు, సామాన్యుడి కన్ను పోతే వెండి కట్టి బయటపడవచ్చు. మన స్మృతుల్లోనూ వర్ణాన్ని బట్టి శిక్ష మారింది. లేవీయకాండం 24 పరదేశికీ స్వదేశికీ ఒకే తీర్పు అంది. ఇదంతా నిజమే. కానీ బానిస గురించిన ఆ వాక్యానికి ఇది సమాధానం కాదు. దానికి సమాధానం ఆ గ్రంథం చదివినవాళ్లు దానితో ఏం చేశారు అన్నదాంట్లో ఉంది.

యూదు రబ్బీలు ఏం చేశారు? తిరగబడే కొడుకును రాళ్లతో కొట్టమన్న ద్వితీయోపదేశకాండం 21 విధిని తీసుకుని, దానికి షరతు మీద షరతు పెట్టి, చివరికి అలాంటి కొడుకు ఎన్నడూ లేడు, ఉండబోడు అని తల్మూదులో ఒక తీర్మానానికి వచ్చారు. ఏడేళ్లకు ఒకరికి మరణశిక్ష వేసిన న్యాయసభను విధ్వంసక సభ అన్నారు మిష్నాలో, ఒక రబ్బీ అయితే డెబ్బై ఏళ్లకు ఒక్కటి వేసినా అదే మాట అన్నాడు. శాస్త్రాన్ని చించేయలేదు. శాస్త్రం లోపలే ఉన్న ప్రాణం విలువను పట్టుకుని శాస్త్రంతో వాదించారు. యేసు చేసిందీ ఆ బాటలోనిదే. విశ్రాంతిదినం మనిషి కోసం అన్నాడు, మనిషి విశ్రాంతిదినం కోసం కాదన్నాడు. వ్యభిచారంలో పట్టుకున్న స్త్రీని రాళ్లతో కొట్టడానికి వచ్చినవాళ్లు శాస్త్రం చూపించారు. ఆయన శాస్త్రం తప్పని అనలేదు, రాయి వేసే అర్హత ఎవరికి ఉందని అడిగాడు. పెద్దవాళ్లు ముందు వెళ్లిపోయారు.

ధర్మశాస్త్రాన్ని దేవుడే మార్చిన సందర్భం కూడా బైబిల్లో ఉంది, దాన్ని మన సంఘాలు ఎందుకు ఇంత తక్కువగా చదువుతాయో నాకు అర్థం కాదు. సంఖ్యాకాండం 27వ అధ్యాయం. సెలోపెహాదుకు కొడుకులు లేరు, ఐదుగురు కూతుళ్లు: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రి చనిపోయాడు. భూమి పంపకాలు జరగబోతున్నాయి, ఆడపిల్లలకు వాటా లేదు. ఆ ఐదుగురూ గుడారం గుమ్మం దగ్గరికి వచ్చారు. మోషే, యాజకుడు, పెద్దలు, సమాజమంతా చూస్తుండగా నిలబడి అడిగారు: కొడుకు లేనంత మాత్రాన మా తండ్రి పేరు ఎందుకు తుడిచిపెట్టుకుపోవాలి, మాకు భూమి ఇవ్వండి. మోషేకు జవాబు తోచలేదు. దేవుడి దగ్గరికి వెళ్లాడు. దేవుడు ఆ ఆడపిల్లలు చెప్పింది సరైనదే అన్నాడు, కొత్త విధి ఇచ్చాడు. నిండు సభలో ఐదుగురు స్త్రీలు దేవుడిచ్చిన చట్టంలోని లోటు చూపించారు, దేవుడు ఒప్పుకున్నాడు. ఆ తర్వాత 36వ అధ్యాయంలో గోత్రపు మగవాళ్లు వచ్చి, ఆ పిల్లలు తమ గోత్రంలోనే పెళ్లాడాలని షరతు పెట్టించుకున్నారు. గెలిచిన హక్కుకు కొసరుగా ఆంక్ష కూడా వచ్చింది, ఎప్పటిలాగే.

మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి హిందూ కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది, అప్పటికి పెళ్లికాని వాళ్లకు మాత్రమే. 2005లో కేంద్ర చట్టం ఆ షరతు తీసేసింది. క్రైస్తవులకు 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం కొడుక్కీ కూతురికీ సమాన వాటా. కేరళలో మేరీ రాయ్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1986లో తీర్పు తెచ్చుకునేదాకా తిరువాన్కూరు క్రైస్తవ ఆడపడుచులకు అదీ లేదు. మన దగ్గర చట్టం ఉన్నా, పెళ్లికి కట్నం ఇచ్చాం కదా అని అక్కచెల్లెళ్ల చేత సంతకం పెట్టించుకునే అన్నదమ్ములు లేని ఊరు చూపించండి. ఆ సంతకం పెట్టించుకున్న మర్నాడు గుడిలో మోషే ధర్మశాస్త్రం గురించి ప్రసంగం వింటాం.

ఇక దైవన్యాయం విషయం. నిర్గమకాండం 20లో తండ్రుల దోషం మూడు నాలుగు తరాల పిల్లల మీదికి వస్తుందని ఉంది. ఇది కర్మ సిద్ధాంతానికి చుట్టం లాగే వినిపిస్తుంది. పుట్టుకతో శిక్ష. బబులోను చెరలో ఉన్న యెహెజ్కేలు ప్రవక్త తన 18వ అధ్యాయంలో ఈ మాటను నేరుగా ఎదుర్కొన్నాడు. తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పళ్లు పులిశాయనే సామెత ఇక అనకూడదన్నాడు. ఎవరి పాపానికి వారే బాధ్యులు. ఒకే బైబిల్లో ఈ రెండు మాటలూ ఉన్నాయి, ఒకటి రెండోదాన్ని ప్రశ్నిస్తోంది. జాషువా కథానాయకుడు అడిగిన రుజువు ఇదే: నా పుట్టుకలో నేరం చూపించు. యెహెజ్కేలు ఆ రుజువు లేదని తీర్పు ఇచ్చాడు. ఈ నేలకు ఆ ప్రశ్న కొత్తదేమీ కాదు. మాచర్లలో అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు కథను కారెంపూడి వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ తలుచుకుంటున్నారు.

కానీ మన రాజ్యం మాత్రం ఇప్పటికీ పుట్టుకనూ ప్రార్థననూ ముడివేసి లెక్క కడుతోంది. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్థుడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు బయటే ఉన్నారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ఈ ముడి తీసేయమంది, 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవులకు ఆ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. ముడి అలాగే ఉంది. ఫలితం ఏమిటి? ఆదివారం గుడిలో కూర్చున్న మనిషి కాగితం మీద హిందువు. క్రైస్తవుడినని చెప్పి బీసీ-సీ అని రాయించుకుంటే అంటరానితనం పోదు, రక్షణ మాత్రం పోతుంది. లూథరన్ లెక్కలో ఎనిమిదో ఆజ్ఞ అబద్ధ సాక్ష్యం పలకవద్దంటుంది. మా వాళ్లు అబద్ధం చెబుతున్నారని వేలెత్తి చూపేవాళ్లకు నా మాట ఒకటే: ఆ అబద్ధం చెప్పకపోతే బిడ్డ చదువు ఆగిపోయేలా చట్టం రాసిన రాజ్యమే ఆ ఆజ్ఞను మీరింది.

1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక న్యాయస్థానం పెట్టి విచారించి, 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష వేశారు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. పదహారేళ్లు ఎదురుచూసి, ఏడేళ్లకు పోగొట్టుకున్న ఆ కుటుంబాలతో దైవన్యాయం గురించి ఏమని మాట్లాడాలి? పగ తీర్చడం దేవుడి పని, మీరు క్షమించండి అని చెప్పడం తేలిక. ఆ మాట చెప్పే హక్కు మనకు ఎవరిచ్చారు?

యోబు గ్రంథం ఉన్నది ఈ ప్రశ్న కోసమే. ఒంటినిండా కురుపులతో బాధపడుతున్న యోబు దగ్గరికి ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు వచ్చి దేవుణ్ణి సమర్థించారు. బాధ వచ్చిందంటే పాపం ఉండి ఉంటుందన్నారు. చక్కటి భాషలో, భక్తితో అన్నారు. యోబు ఒప్పుకోలేదు. తనకూ దేవుడికీ మధ్య తీర్పు చెప్పే మధ్యవర్తి కావాలన్నాడు. 24వ అధ్యాయంలో అతని బాధ తన ఒంటిమీది కురుపుల్ని దాటి ఊరి మీదికి వెళ్లింది. విధవరాలి ఎద్దును తాకట్టుకు తోలుకుపోయేవాళ్లు, పనలు మోస్తూ ఆకలితో ఉన్న కూలీలు, గానుగ తొక్కుతూ దాహంతో ఉన్నవాళ్లు. దేవుడు ఇదంతా ఎందుకు పట్టించుకోడు అని అడిగాడు. ధర్మశాస్త్రం ఏ కూలీని, ఏ విధవరాలిని కాపాడమందో వాళ్ల పేరు మీదే యోబు దావా వేశాడు. గ్రంథం చివర, 42వ అధ్యాయంలో, దేవుడి తీర్పు స్పష్టంగా ఉంది: ఆ ముగ్గురు తన గురించి సరిగ్గా మాట్లాడలేదు, యోబు మాట్లాడాడు. దేవుణ్ణి వెనకేసుకొచ్చినవాళ్లు దోషులు, ఆయన్ను నిలదీసినవాడు సరైనవాడు. ఆ స్నేహితుల కోసం యోబే ప్రార్థన చేయాల్సి వచ్చింది.

యోబు అడిగినదానికి దేవుడు కారణం మాత్రం చెప్పలేదు. ఆ మౌనం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. దాన్ని తీయటి మాటలతో పూడ్చాలని నేను అనుకోను.

ఇన్నేళ్ల తర్వాత కూడా ఎలీఫజు వారసులు మన మధ్య ఉన్నారు. కేన్సర్ వచ్చిన ఆడమనిషితో ఏదో ఒప్పుకోని పాపం ఉందనే ప్రార్థనాపరులు, పత్తి దెబ్బతిని అప్పుల్లో మునిగిన రైతుతో దశమభాగం ఇవ్వలేదు కాబట్టి శాపం అనే బోధకులు. అటువంటి మాటలు విన్న ఇంట్లో పురుగుమందు డబ్బా చేతికందే దూరంలో ఉంటుంది. ఈ బోధ బైబిల్ ప్రకారం తప్పు, దీనికి నేను ఏ మినహాయింపూ ఇవ్వను.

కాపరులకు నా విన్నపం. రాబోయే కోత పండుగ రోజున, గుడిలో కాయగూరలు, ధాన్యం వేలం వేసే ముందు, ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం గట్టిగా చదివించండి. ఎవరి కూలి బాకీ ఉందో ఆ పూటే చెల్లించమని అడగండి. సెలోపెహాదు కుమార్తెల కథ ఆదివారపు బడి పిల్లలకు చెప్పండి, మగపిల్లలకు ముందుగా చెప్పండి. బాధపడే మనిషి దేవుణ్ణి రుజువు అడిగినప్పుడు నోరు మూయించకండి, పక్కన కూర్చోండి. ఈ సభలో కూలి ఇవ్వాల్సినవాళ్లు ఉంటే, ఈ రాత్రికే ఇవ్వండి.